చావని తీగ

మూడో వరస కడగడం పూర్తయ్యేసరికి వరమ్మ చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసిపోయాయి. త్రినాథరావు కిరాణా కొట్టు మేడ మీద సోలార్ ప్లేట్లు దక్షిణానికి ఏటవాలుగా పరుచుకుని ఉంటాయి. రాత్రంతా వాటి మీద ఉక్కు ఫ్యాక్టరీ దుమ్ము దిగుతుంది. ఎర్రగా, నల్లగా, వేలితో రాస్తే గరగరలాడే దుమ్ము. పొడిగుడ్డతో తుడిస్తే అద్దం మీద గీతలు పడతాయి. ఎండెక్కాక నీళ్ళు పోస్తే వేడి అద్దం పగిలిపోతుంది. అందుకే ఈ పని పొద్దెక్కకముందే అయిపోవాలి. అందులోనూ ఇవి నౌతపా, రోహిణి ఎండల తొమ్మిది రోజులు, భిలాయిలో కాకులు కూడా నీడ వెతుక్కునే రోజులు.

ఆమె పొట్టిగా, నల్లగా, గట్టిగా ఉంటుంది. ఏళ్ళ తరబడి నీళ్ళ బిందెలు మోసిన కుడి భుజం ఎడమదాని కంటే కాస్త కిందికి జారి ఉంటుంది. అరచేతులు పగిలి ఆ పగుళ్ళలో దుమ్ము నిలిచిపోయింది, ఏ సబ్బుకీ పోదు. నడుస్తుంటే పాదాలు చప్పుడు చెయ్యవు. బజారులో చాలామందికి ఆమె వచ్చిందీ వెళ్ళిందీ తెలియదు. కొట్టు తెరిచేసరికి ముందు ఊడ్చి ఉంటుంది, పైన ప్లేట్లు తళతళలాడుతుంటాయి, అంతే.

మేడ చివర నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని కిందికి చూసింది. బజారు చివర రేకుల షెడ్డులో లక్ష్మీప్రసాద్ డీజిల్ ఇంజను ఉంది. నిన్నటి నుంచీ దాని పొగగొట్టంలోంచి పొగ రావడం లేదు. వరమ్మకి కడుపు నిండినట్టయింది. పొద్దున్నే టీ నీళ్ళయినా పడని కడుపు అది, అయినా నిండింది.

"సల్లారిపోతన్నావు," అంది ఇంజనుతో. "ఇంకా సల్లారాల."

భిలాయిలోని ఈ మరోదా బజారులో కరెంటు కొనుక్కోవడం అంటే ఇప్పుడు కూరగాయలు కొనుక్కున్నట్టే. స్తంభాల మీదుగా కొట్లన్నిటినీ కలుపుతూ ఒక ఉమ్మడి తీగ వెళ్తుంది. ఎవరి ప్లేట్లు ఎక్కువ కరెంటు తీస్తే వాళ్ళు ఆ తీగలోకి వదులుతారు, ఎవరికి చాలకపోతే వాళ్ళు అందులోంచి తీసుకుంటారు. ఎంత ఇచ్చారో ఎంత తీసుకున్నారో కొట్టుకొక పెట్టె లెక్క చూపిస్తుంది. మిట్టమధ్యాహ్నం సరుకు ఎక్కువ, ధర తక్కువ. అందుకే కనకలత పిండిమర ఆ వేళకే తిరుగుతుంది. సాయంత్రం దీపాల వేళకి ధర ఎగబాకుతుంది, బ్యాటరీలు ఉన్నవాళ్ళు అప్పుడు మీసం మెలేస్తారు. ఆ ధరలు ఆదివారం పొద్దున టీ తాగుతూ బజారు సమితి నిర్ణయిస్తుంది. ఆ పూట వాళ్ళ కేకలు వింటే చరోదా యార్డులో రైలింజన్లు కూడా సిగ్గుపడాలి.

ఒకప్పుడు ఇక్కడ వెలుగుకి యజమాని ఒక్కడే. మొదట పెట్రోమాక్స్ దీపాలు అద్దెకిచ్చాడు లక్ష్మీప్రసాద్. తర్వాత డీజిల్ ఇంజను తెచ్చి, బజారంతా తీగలు లాగి, కొట్టుకి ఒక బల్బు, ఒక ఫ్యాను చొప్పున పాయింట్లు అమ్మాడు. కరెంటు పోయిందంటే ఆయన మొహం వెలిగేది. కిట్టనివాడి కొట్టు చీకట్లో ఉండేది. విజయనగరం పక్క నుంచి చేతిసంచితో దిగిన మనిషి, ఈ తీగల మీద మేడ కట్టాడు. వరమ్మ మొగుడు ఆంజి ఆ తీగల మీదే పోయాడు.

హేమశ్రీ రెండో తరగతి చదువుతున్న రోజులవి. దసరా ముందు ఒక సాయంత్రం, తెగిన తీగ కలపడానికి ఆంజిని స్తంభం ఎక్కించారు. వరమ్మ అన్నం గిన్నె పట్టుకుని సందు మలుపు తిరుగుతోంది. ఇంజను దడదడమని అందుకోవడం చెవులారా వింది. ఆ వెంటనే ఒక అరుపు వింది. సందు దాటి వచ్చేసరికి జనం మూగి ఉన్నారు, లక్ష్మీప్రసాద్ తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. "తాగేసి ఎక్కేడు, ఎంత చెప్పినా వినలేదు," అని అందరికీ చెప్తున్నాడు.

ఆంజి జన్మలో తాగలేదు. ఆ నెలయితే పోలమ్మ తల్లికి మొక్కుకుని నీచు కూడా ముట్టలేదు. ఆ మాట వరమ్మ ఎంతమందికి చెప్పిందో! పెళ్ళాం కదా, అలాగే చెప్తుంది అన్నారు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. పైగా లక్ష్మీప్రసాద్ దినాల ఖర్చంతా పెట్టుకున్నాడు, ఇంజను షెడ్డు ఊడ్చే పని ఆమెకే ఇచ్చాడు. బజారు ఆయన్ని దేవుడంది. పోయినవాళ్ళందరూ మంచివాళ్ళే అంటారు లోకంలో, ఆంజికి ఆపాటి కూడా దక్కలేదు. బడిలో హేమశ్రీని పిల్లలు 'శరాబీ కీ బేటీ' అని పిలిచారు. ఆ పిల్ల ఇంటికొచ్చి, "అమ్మా, నాన్న తాగేవోడా?" అని అడిగిన రోజున వరమ్మ నిర్ణయించుకుంది. ఆ అబద్ధం పుట్టించిన నోటితోనే, పుట్టించిన బజారులోనే, నిజం చెప్పించాలి. అంతకు మించి ఆమెకి ఈ ప్రపంచంతో పనేమీ లేదు.

నిజం నిలకడ మీద తెలుస్తుందని పెద్దలు ఓదార్చారు. ఎంత నిలకడ కావాలో వాళ్ళెవరూ చెప్పలేదు. ఆమె షెడ్డు ఊడుస్తూ ఆగింది. ఆయన పారేసిన నూనె గుడ్డలు ఏరుతూ ఆగింది. బజారులోకి మొదటిసారి సోలార్ ప్లేట్లు వచ్చిన రోజున, వాటిని అమ్ముకునేవాడు త్రినాథరావుతో మాట్లాడుతుంటే చీపురు పట్టుకుని పక్కనే నిలబడి మొత్తం వింది. ఇంజను అక్కర్లేదా, అనడిగింది. అక్కర్లేదమ్మా అన్నాడు వాడు. ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదు, సంతోషంతో.

అప్పట్నుంచి ఊడ్చే ప్రతి కొట్టులోనూ ఒక మాట వేస్తూ వచ్చింది. పొగ నీ పంచదార బస్తాల్ని నల్లగా చేస్తోందన్నయ్యా అని త్రినాథరావుతో. ఇంజను ఒక్కసారి దగ్గితే నీ ఫోన్లు కాలిపోతాయి బాబూ అని సెల్‌ఫోన్ల విక్రమ్‌తో. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు. ఒక్కొక్క కొట్టూ లక్ష్మీప్రసాద్ పాయింటు వదిలేసి ఉమ్మడి తీగలో చేరింది. పుట్టలోంచి చీమలు ఒక్కొక్కటే వెళ్ళిపోయినట్టు వెళ్ళిపోయాయి. ప్లేట్లు కడగడానికి మనిషి కావాలంటే సమితి వాళ్ళకి ముందు గుర్తొచ్చింది వరమ్మే.

ఒక్కటే అడ్డం ఉండేది. దీపాల వేళ బ్యాటరీలు చాలేవి కావు. అప్పుడు సమితి లక్ష్మీప్రసాద్ దగ్గరే ఇంజను కరెంటు కొనేది. అందుకోసం ఆయన పాత తీగని పిండిమర దగ్గర ఉమ్మడి తీగకి ముడేశారు. ఆ కాస్త సందులోనే ఆయన ఇంకా ఊపిరి పీలుస్తున్నాడు. నిన్న మధ్యాహ్నం సమితి పెద్ద బ్యాటరీ దించింది. బీరువా అంత ఉంది. వరమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది.

---

పిండిమర తలుపు తీస్తున్న కనకలత, మేడ దిగి వస్తున్న వరమ్మని చూసి నవ్వింది. కొట్టంతా కొత్త గోధుమ వాసన.

"అత్తా, బ్యాటరీ వచ్చిందని ఇంజను మానీమంటన్నావు. వానాకాలం ఏటి సేద్దుం? మబ్బేస్తే నీ ప్లేట్లు తెల్లమొగం ఎయ్యవేటి?"

"మబ్బేసిన రోజు నాలుగు గింజలు తక్కువాడు. మీ మావ ఈ మర నడిపినప్పుడు రోజూ ఆడీవోడేటి?"

"పెసాదుబాబు ముసిలోడైపోనాడు. జాలేస్తాది."

"నీకు జాలెయ్యడానికి ఊరు నిండా మనుషులున్నారు కనకా," అంది వరమ్మ, చీపురు అందుకుంటూ. "ఆడి మీద జాలి సాలు."

కనకలత గోడ వైపు తిరిగింది. గోడ మీద రెండు స్విచ్చులున్నాయి, ఒకటి సమితిది, ఒకటి ఇంజనుది. ఇంజను స్విచ్చు దించి, దాన్నుంచి మరకి వచ్చే వైరు ఊడదీసి, చుట్ట చుట్టి వరమ్మ చేతిలో పెట్టింది. బజారులో ఆఖరి పాయింటు అదే. వరమ్మ ఆ చుట్టని చెత్తబుట్టలో వెయ్యలేదు. కొట్టు బయట కాలువ దాకా నడిచి, అందులో పడేసి, మునిగేదాకా చూసింది.

మధ్యాహ్నం ఎండకి బజారు మూగబోయింది. వరమ్మ సమితి గది నీడలో కూర్చుని గంజన్నం తింటుంటే లక్ష్మీప్రసాద్ వచ్చాడు. ఒకప్పుడు ఇస్త్రీ మడత నలగని మనిషి. ఇప్పుడు చొక్కా గుండీలు ఒకదానికి బదులు ఇంకోదానికి పెట్టుకున్నాడు. మెడ చర్మం వదులై కిందికి వేలాడుతోంది. వచ్చి కాసేపు నిలబడ్డాడు. ఆమె లేవలేదు, కూర్చోమని అనలేదు.

"కుమ్హారి పాతినుము కొట్టు నుంచి లారీ వస్తోంది వరమ్మా. ఇంజను తూకానికి ఇచ్చేస్తున్నాను."

ఆమె ఉల్లిపాయ కొరికింది.

"నువ్వొక మాట చెప్తే సమితిలో త్రినాథరావు వింటాడు. వానాకాలానికైనా ఉంచమను. లారీని వెనక్కి పంపేస్తాను. ఆ ఇంజను నాకు..." ఆయన ఆగిపోయాడు. "ఇంట్లో నన్నెవరూ పలకరించరు. అదొక్కటే చప్పుడు చేసేది."

"ఉంచమని సెప్తాను," అంది వరమ్మ. "నిజంగానే సెప్తాను. మీరు ఒక్క మాట సెప్పండి. సాయంత్రం అందరూ ఉన్నప్పుడు బజార్లో నిలబడి, మా ఇంటాయన తాగలేదని సెప్పండి."

ఆయన మొహం గట్టిపడింది. "పాత సంగతులు ఇప్పుడెందుకు?"

"నాకు పాతయి కావు."

"చూడమ్మా, నేను నీకేం తక్కువ చేసేను? పని ఇచ్చేను. పండక్కి చీర పెట్టేను. ఆడు తాగేసే ఎక్కేడు, ఎవర్నడిగినా చెప్తారు."

అంతకాలం చెప్పీ చెప్పీ ఆ అబద్ధం ఆయనకి నిజంలా అలవాటైపోయినట్టుంది. ఎంత నున్నగా వచ్చిందో మాట! వరమ్మకి గిన్నె ఎత్తి ఆయన మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. మిగిలిన గంజి గటగట తాగి, గిన్నె కడిగి బోర్లించింది.

"అయితే లారీని రమ్మనండి," అంది.

---

నాలుగింటి వేళ గాలి లేచింది. వేపాకులు, పాలిథిన్ సంచులు ఎగిరొచ్చి ప్లేట్ల మీద పడతాయి, వాటిని చేత్తో ఏరెయ్యాలి. వరమ్మ మళ్ళీ త్రినాథరావు మేడ ఎక్కింది. ఎండ ఇంకా మండుతోంది. కింద కొట్లన్నీ తమ మిగులు కరెంటు తీగలోకి పోస్తున్నాయి.

ఈ బజారులో తీగ ముట్టుకోవాలంటే ఒక పద్ధతి ఉంది. మొదట వరమ్మ వీధి పొడుగునా కేకేస్తుంది. ప్రతి కొట్టువాడూ తన స్విచ్చు దించి, షట్టరు కొక్కేనికి ఎర్రగుడ్డ కడతాడు. అన్ని గుడ్డలూ కనిపించాకే మనిషి నిచ్చెన ఎక్కుతాడు. ఇంజను కాలంలో ఇవేమీ లేవు. అప్పుడు అమ్మేవాడు ఒక్కడే కాబట్టి, ఇంజను ఆగితే తీగ చచ్చినట్టే. ఇప్పుడు ప్రతి కొట్టూ అమ్ముతుంది. తీగకి చావు లేదు.

ఒక సంచీని ప్లేటు అంచు నుంచి లాగుతూ వరమ్మ అటు చూసింది. పిండిమర పక్క స్తంభానికి నిచ్చెన వేసి ఉంది. లక్ష్మీప్రసాద్ ఎక్కుతున్నాడు. లారీ వచ్చేలోగా తన పాత తీగ కోసి అది కూడా తూకానికి వేసుకోవాలని కాబోలు. పనివాళ్ళు ఎప్పుడో మానేశారు కాబట్టి తానే ఎక్కుతున్నాడు. షెడ్డు దగ్గర ఇంజను ఇరుసుకి చెక్క అడ్డం పెట్టి మరీ వచ్చాడు, ఎవరూ పొరపాటున తిప్పకుండా. అంత జాగ్రత్తపడ్డాడు, ఒక్క కొట్టువాడికీ చెప్పలేదు. తీగ ఆయన కట్టిందే, ఆయన పేరే దానికి. పిండిమర దగ్గరి ముడి వల్ల అది ఇంకొకళ్ళ కరెంటు మోస్తోందని మనసుకి తెలిసినా చేతులకి తెలియదు.

వీధిలో ఒక్క ఎర్రగుడ్డ లేదు.

వరమ్మ చేతిలో పాలిథిన్ సంచీ పటపటలాడుతోంది. ఆయన ఒక మెట్టు ఎక్కాడు. కాలితో తడుముకుని ఇంకో మెట్టు ఎక్కాడు. చుట్టుపక్కల ఎవరూ చూడటం లేదు. ఎక్కు, అంది ఆమె మనసు. ఎక్కు నాయనా. కుక్క కాటుకి చెప్పుదెబ్బ. ఎవరూ ఆమెని ఏమీ అడగరు. ఆమె మేడ మీద ఆకులు ఏరుకుంటోంది, అంతే. ఆంజి పడ్డప్పుడు అన్నం గిన్నె ఎలా దొర్లిందో, మెతుకులు ఎలా మట్టిలో కలిశాయో అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. ఆమె పళ్ళు బిగించింది. ఒళ్ళంతా తియ్యగా ఉంది, జ్వరం దిగుతున్నప్పటిలా.

ఆయన పైదాకా చేరాడు. ఎడమ చేత్తో స్తంభం పట్టుకుని, కుడిచేత్తో నడుముకున్న కటింగ్ ప్లేరు తీశాడు.

అప్పుడు తట్టింది ఆమెకి. వీడు చస్తే ఆ మాట చెప్పేదెవడు? రేపు బజారంతా మూగి, పాపం మంచివాడు అంటారు. వీడితో పాటు వీడి అబద్ధాన్నీ తగలేస్తారా, తగలెయ్యరు. అది మటుకు ఇక్కడే ఉండిపోతుంది, నిక్షేపంలా. చచ్చినవాడి మాటని ఎవరు దిద్దగలరు?

"తీగ ముట్టకండి!" వరమ్మ మేడ అంచుకి పరుగెత్తింది. "ఓ బాబూ! ముట్టకండి! పేనం ఉంది దాన్లో! కొట్లు ఆపనేదు!"

లక్ష్మీప్రసాద్ బిగుసుకుపోయాడు. ప్లేరు తీగకి బెత్తెడు దూరంలో ఆగింది. తల తిప్పి మేడ మీదికి చూశాడు. తర్వాత వీధిని, షట్టర్లని, కొక్కేలని ఒక్కొక్కటే చూశాడు. చేతిలో ప్లేరు జారిపోబోతే ఎలాగో స్తంభం ఇనుప పట్టీకి తగిలించి, రెండు చేతులతోనూ స్తంభాన్ని కౌగలించుకున్నాడు.

ఆ అరుపుకి బజారంతా బయటికొచ్చింది. కనకలత నిచ్చెన పట్టుకుంది. విక్రమ్, ఇంకొకడు సాయం పట్టి ముసలాయన్ని దించారు.  పిండిమర అరుగు మీద కూలబడ్డాడు. చనిపోయి ఉండేవాడన్న భయం తీరగానే, బజారుకి కోపం వచ్చింది.

"సెప్పా పెట్టకుండా ఎక్కేడమేటండి?" త్రినాథరావు గొంతు చించుకున్నాడు. "మా అందరి మెడకీ సుట్టుకునుండేది. మందు కొట్టీసి ఎక్కేరా ఏటి?"

"పీకే చఢ్ గయే క్యా దాదా?" అన్నాడు విక్రమ్. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

"నేను తాగలేదు," అన్నాడు లక్ష్మీప్రసాద్. "ఇంజను ఆపేసే ఎక్కేను."

"అలగే అంటారు," అన్నారెవరో.

"ఒట్టు. పొద్దుట్నుంచి నీళ్ళు తప్ప..."

ఎవరూ వినలేదు. ఒకడు ముక్కు దగ్గరికి వంగి వాసన చూశాడు. వయసు మీద పడ్డాక అందరూ ఇంతే అన్నాడు ఇంకొకడు. పొద్దున్నే గోడ పక్కన ఊగుతుంటే తాను చూశానని మూడోవాడు మొదలెట్టాడు. కుండకి మూకుడు పెట్టొచ్చు గానీ లోకుల నోటికి పెట్టలేం. కళ్ళ ముందే ఒక కథ పుట్టి, కాళ్ళు వచ్చి, నడక నేర్చుకుంటోంది. లక్ష్మీప్రసాద్ ఒక మొహం నుంచి ఇంకో మొహానికి చూస్తున్నాడు, నమ్మేవాడి కోసం.

వరమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. ఈ మొహం చూడ్డానికే ఇన్నాళ్ళు బతికిందేమో. ఇంకొంచెంసేపు చూసింది, తొందరపడలేదు.

"పెసాదుబాబు తాగలేదు," అంది గట్టిగా. "మద్దినేల నాతో మాటాడేరు. తిన్నగా నిలబడే మాటాడేరు. ఇంజను ఆపీసే ఎక్కేరు, తీగ సచ్చిపోయిందనుకున్నారు. నాను మేడ మీంచి కళ్ళారా సూసినాను."

నవ్వులు ఆగిపోయాయి. ఆమె అబద్ధం ఆడదని ఆ కొట్లవాళ్ళకి తెలుసు. లక్ష్మీప్రసాద్ తలెత్తి ఆమెని చూశాడు. ఆమె కళ్ళలో జాలి కోసం వెతికాడు, అక్కడ అది లేదు.

"సూసినోల్లు సెప్పాలి కదా బాబూ," అంది వరమ్మ. "సెప్పకపోతే ఎంత పాపం."

 గాలికి నిచ్చెన స్తంభానికి తగిలి టకటకమంటోంది. ముసలాయన తలెత్తి పైనున్న పాత తీగ వైపు చూశాడు.

"ఆ రోజు... ఆడు తాగలేదు," అన్నాడు.

"గట్టిగా."

"ఆడు తాగలేదు!" గొంతు చీలింది. "నేనే ఇంజను తిప్పేను. దసరా పందిరివాళ్ళు తొందర పెట్టేరు. దిగిపోయుంటాడనుకున్నాను, చూసుకోలేదు. తర్వాత పోలీసులంటే భయమేసి తాగేడని చెప్పేను. ఆడెప్పుడూ తాగలేదు."

త్రినాథరావు తల వంచుకున్నాడు. ఆ అబద్ధాన్ని చాలా ఇళ్ళకి మోసిన నోళ్ళలో ఆయనదీ ఒకటి. కనకలత చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. విక్రమ్ అయోమయంగా అందరినీ చూశాడు. అప్పటికి వాడు పుట్టలేదు. అక్కడ నిలబడ్డవాళ్ళలో సగానికి పైగా ఆ తర్వాత వచ్చిన కొట్లవాళ్ళే.

"కౌన్ చాచీ?" అనడిగాడు. "ఎవరు తాగలేదు?"

 వరమ్మ వాళ్ళలో ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. రేషన్ ఆఫీసులో, ఆసుపత్రిలో, ఆఖరికి సమితి వాళ్ళు అడిగినప్పుడు కూడా ఆమె పక్కవాళ్ళ చేతనే చెప్పించింది. ఆయన బతికున్నప్పుడు ఏమండీ అన్నా ఓయ్ అన్నా పలికేవాడు, పోయాక ఆ మాత్రం అవసరమూ లేకపోయింది. ఆమె పేరు పలకలేదు, బజారు పేరు మర్చిపోయింది. తాగుబోతు అన్న ఒక్క మాట మిగిలింది, అదీ ఎవడిదో తెలియకుండా.

"ఆంజి," అంది. మొదటిసారి సరిగ్గా రాలేదు. మళ్ళీ అంది. "ఆంజి. గున్నమ్మ కొడుకు ఆంజి. నా మొగుడు. ఈ తీగలన్నీ ఆడు లాగినయే."

అనేసి, కింద పెదవి పళ్ళతో నొక్కి పట్టింది. పగ తీరిందా అంటే తీరలేదు. పొయ్యి ఆర్పినా రాళ్ళు వేడిగానే ఉంటాయి కదా. ఒక్క మాటకి ఇంత పెద్ద ముసలాడు ఇన్నేళ్ళు బిగపట్టుకుని కూర్చున్నాడే అని ఆమెకి కొత్తగా మళ్ళీ కోపం వచ్చింది.

కుమ్హారి లారీ వచ్చింది. ఇంజనుకి గొలుసులు కట్టి పైకెత్తారు. అది కూర్చున్న చోట నేల నల్లగా, నూనె తాగి మెత్తబడి ఉంది. లక్ష్మీప్రసాద్ డ్రైవరు పక్కన ఎక్కబోతుంటే వరమ్మ లారీ తలుపు పట్టుకుంది.

"దారిలో చరోదా ఉంది. రైలు క్వార్టర్లలో నా కూతురు హేమశ్రీ ఉంటాది, ఎవర్నడిగినా సూపిస్తారు. దానికి సెప్పి ఎల్లండి. బళ్ళో అది పడ్డ మాటలు నాను పడ్డయి కావు."

ఆయన తలూపాడు. ఆమె తలుపు వదల్లేదు.

"ఇప్పుడే. సీకటి పడకముందే."

"వెళ్తానమ్మా," అన్నాడు. ఆయన ఆ రోజే కొడుకు దగ్గరికి రాయపూర్ వెళ్ళిపోయాడని, మరి తిరిగి రాడని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం ఆయన భుజం, వంకరగా పెట్టుకున్న గుండీల చొక్కా, లారీ తలుపు అద్దంలోంచి కనిపించి మలుపులో మాయమయ్యాయి.

కొట్లలో దీపాలు వెలుగుతున్న వేళ వరమ్మ ఫోను మోగింది. అవతల హేమశ్రీ. 

"ఆయన వచ్చేడమ్మా," అంది. "గుమ్మంలో నిలబడి చెప్పేడు. మా ఆయన ముందు, పక్కింటివాళ్ళ ముందు. నేను ఏడిచేసేను."

"ఇంట్లోకి రమ్మన్నావేటి?"

"లేదు."

"దాహం అడిగినాడా?"

"అడిగేడు. నేను ఇవ్వలేదమ్మా."

"మంచి పని సేసినావు," అంది వరమ్మ. కూతురి ఏడుపు వింటూ, అది ఆగేదాకా ఫోను చెవికి పెట్టుకునే కూర్చుంది.

రేపు పొద్దున కేకేసి, గుడ్డలు కట్టించి, ఆ ముడి విప్పించాలని త్రినాథరావు అన్నాడు. ఆ సాయంత్రానికి ఎవరూ నిచ్చెన ఎక్కలేదు. పిండిమర దీపం వెలుగులో, స్తంభం మీది ఇనుప పట్టీకి తగిలించిన ఎర్ర పిడి కటింగ్ ప్లేరు, నోరు తెరుచుకుని, గాలికి కొంచెం కొంచెంగా ఊగుతూ ఉంది.